పొగాకు బ్యారన్‌లో నిరాశ రాక్షసుడు

క్రిస్మస్ నాటకంలో అపొల్లుయోను అనే దయ్యం వేషం మా పాలెంలో ఎప్పుడూ పెదనాన్నదే. ఇంకొకళ్ళు అడగను కూడా అడిగేవాళ్ళు కాదు. ఆరడుగుల మనిషి. బ్యారన్లు, అంటే పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే గదులు, కాల్చే పని కాబట్టి సీజనంతా పొయ్యి ముందు రాత్రిళ్ళు మేలుకునేవాడు. డిసెంబరు వచ్చినా ఆ కళ్ళలో ఎరుపు పోయేది కాదు. "సగం మేకప్పు దేవుడే వేసి పంపాడు, మిగతా సగానికి ఇంత మసి చాలు" అనేది నాయనమ్మ.

ఒంగోలుకు దక్షిణాన, రోడ్డుకీ సముద్రానికీ మధ్య ఉన్న ఊళ్ళలో మాదొకటి. ఊరికి తూర్పున పాలెం. పాలెం దాటితే పొగాకు చేలు, ఆ తర్వాత బకింగ్‌హామ్ కాలవ, కాలవ అవతల ఇసక, సరుగుడు తోటలు, సముద్రం. ఎనభైలలో మా చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కీ చర్చి ముందు పందిట్లో 'యాత్రికుని ప్రయాణం' నాటకం వేసేవాళ్ళు. జాన్ బన్యన్ రాసిన కథ. క్రైస్తవుడు అనే పేరున్న మనిషి వీపు మీద పెద్ద మూట పెట్టుకుని నాశనపురం నుంచి బయల్దేరి, పరమ పట్టణం దాకా నడిచిపోతాడు. అంతే కథ. దారిలో బురద గుంట, కష్టాల కొండ, సింహాలు, లోయలు, సంత, కోట, చివర్లో వంతెన లేని నది. ఎదురయ్యే మనుషులకు వాళ్ళ గుణాలే పేర్లు. మెతకవాడు, లోకజ్ఞాని, వాచాలుడు, నమ్మకస్థుడు, ఇట్టా. ఈ పేర్లు మా చర్చి పాస్టరు అయ్యగారు నాటకం కోసం పెట్టినవి, నా నోటికి ఇప్పటికీ అవే వస్తాయి.

బన్యన్ రాసిన దాని ప్రకారం అపొల్లుయోనుకు ఒంటినిండా చేప పొలుసులు, డ్రాగన్ రెక్కలు, ఎలుగుబంటి కాళ్ళు, సింహం నోరు ఉండాలి. కడుపులోంచి పొగా మంటా రావాలి. ఇదంతా మా పాలెంలో ఏర్పాటు కావాలి. పొలుసుల కోసం పిల్లలం ఏడాది పొడుగునా సిగరెట్ పెట్టెల్లో వచ్చే వెండి కాగితాలు పోగేసేవాళ్ళం. వాటిని పాత గోనెసంచి మీద మైదా జిగురుతో వరసలు వరసలుగా అంటించేది మా అత్త. రెక్కలకు విరిగిన గొడుగు ఊచలు, వాటి మీద నల్ల గుడ్డ. కాళ్ళకు కొబ్బరి పీచు. అసలు తంటా కడుపులో పొగతో వచ్చేది. చిన్న మూకుట్లో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, నడుముకు కట్టిన తీగ చట్రంలో పెట్టేవాళ్ళు. రంగం మీదికి వచ్చేసరికి పొగ నిజంగానే వచ్చేది, దాంతోపాటు పెదనాన్నకు దగ్గూ వచ్చేది. "నీవు నా రాజ్యపు ప్రజవు, నన్ను విడిచి యెక్కడికి పోవుదువు?" అని గర్జించాల్సిన చోట సగం డైలాగు దగ్గులోనే పోయేది. అయినా ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లలు కెవ్వుమని అరిచి వెనక్కి పరిగెత్తేవాళ్ళు.

క్రైస్తవుడు మా మేనమామ. ఆయనకు అట్టపెట్టెలతో చేసిన కవచం. బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉన్నట్టే సత్యమను దట్టి, నీతియను మైమరువు, విశ్వాసమను డాలు, రక్షణయను శిరస్త్రాణము అన్నీ ఉండాలని అయ్యగారి పట్టుదల. అట్ట చాలక కవచం ముందు వైపే వచ్చేది, వెనక ఉత్త చొక్కా కనిపించేది. "వీపు చూపించొద్దు, ఏం జరిగినా వీపు చూపించొద్దు" అని అయ్యగారు పక్కనుంచి కేకలేస్తుంటే పరువు కోసమే అనుకునేవాళ్ళం. పెద్దయ్యాక పుస్తకం చదివితే అసలు కథలో కూడా అంతే! అపొల్లుయోనును చూసి పారిపోదామా అని క్రైస్తవుడికి అనిపిస్తుంది. కానీ తన కవచంలో వీపుకు రక్షణ ఏమీ లేదని గుర్తొచ్చి, తిరిగితే బాణాలకు దొరికిపోతానని నిలబడతాడు. మా అట్ట కొరతని బన్యన్ మూడొందల ఏళ్ళ ముందే కనిపెట్టాడని మేనమామ ఇప్పటికీ నవ్వుతుంటాడు.

సిలువ దగ్గర మూట జారిపడే సీను గురించి చెప్పకపోతే మా వాళ్ళు ఊరుకోరు. మూటంటే ఊక కుక్కిన గోనెసంచి. సిలువ ముందుకు రాగానే తాడు ముడి దానంతటదే ఊడి, సంచి దొర్లుకుంటూ సమాధిలో పడిపోవాలి. ఒక ఏడాది ఎవరో ముడి మరీ బిగించి వేశారు. మేనమామ భుజాలు కుదిపాడు, గెంతాడు, వెనక్కి వంగాడు. మూట రాదు. హార్మోనియం ఆయన అదే చరణాన్ని మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నాడు. చివరికి తెల్ల చీరల్లో నిలబడ్డ ముగ్గురు దేవదూతల్లో ఒకామె కొడవలి తెప్పించి తాడు కోసింది. దేవదూత చేతిలో కొడవలి చూసి జనం చప్పట్లు కొట్టారు. బైబిల్ చివర ప్రకటన గ్రంథంలో కొడవలి పట్టే దేవదూత అనుకున్నారేమో!

ఈ కథ మా దాకా ఎట్టా వచ్చిందంటే చాలా వెనక్కి పోవాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనువాళ్ళు 1840లో నెల్లూరులో కుదురుకున్నారు. ఏళ్ళు గడిచినా సంఘం పెరగలేదు. ఎత్తేద్దామా అని వాళ్ళ దేశంలో ఒకటికి రెండుసార్లు చర్చలు జరిగాయి. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూవెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. దాన్నే ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. 1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. తర్వాత 1876-78 కరువు. ఆ కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం ఆయన కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. గంజి కోసం మతంలో చేరారన్న మాట పడకూడదని కరువున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది తోలుపని చేసే కుటుంబాలవాళ్ళు. మా ముత్తాత తండ్రి ఆ గుంపులో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. రాతపూర్వకంగా ఏమీ లేదు, పెదనాన్నతో మాత్రం ఆ మాట అనకూడదు.

నాయనమ్మ బైబిలు స్త్రీగా పనిచేసింది. చేతిలో సంచీ, సంచీలో బైబిలు, కీర్తనల పుస్తకం, అట్ట ఊడిపోయిన 'యాత్రికుని ప్రయాణం'. ఊరూరా తిరిగి, పనులయ్యాక పొద్దుగూకి ఆడవాళ్ళ మధ్య కూర్చుని కథ చెప్పేది. బన్యన్ గురించి ఆమె చెప్పే తీరు వేరు. దొర అనేది కాదు. "గిన్నెలకు మాట్లేసేవాడు" అని మొదలుపెట్టేది. అది నిజమే. 1628లో ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గర ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు, తండ్రిదీ అదే పని. అనుమతి లేకుండా బోధిస్తున్నాడని 1660లో జైల్లో పెడితే దాదాపు 12 ఏళ్ళు లోపలే ఉన్నాడు. ఇకమీదట బోధించనని ఒక్క మాట ఇస్తే బయటికి వచ్చేవాడు, ఇవ్వలేదు. ఇంట్లో కళ్ళు కనపడని కూతురు. ఇల్లు గడవడానికి జైల్లో కూర్చుని లేసులు తయారుచేసి అమ్మించేవాడు, కొసన లోహపు ముక్క బిగించే రకం. 1678లో అచ్చయిన ఈ కథ అట్టాంటి చేతుల్లోంచి వచ్చింది. చెప్పులు కుట్టి బతికిన కుటుంబాల ఆడవాళ్ళకు నాయనమ్మ ఈ లేసుల సంగతి చెప్పేటప్పుడు వాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. పెద్ద చదువులు చదివినోడు రాసింది కాదే తల్లీ, మనబోటోడే, అనేది ఆమె.

రిహార్సల్సు పొగాకు బ్యారన్‌లో జరిగేవి. మా వైపు ఆకు కోత జనవరిలో గానీ మొదలవదు, కాబట్టి డిసెంబరులో బ్యారన్లు ఖాళీ. కిటికీల్లేని ఎత్తైన గోడలు, పైన అంతస్తులు అంతస్తులుగా వాసాలు, కింద పొయ్యి నుంచి వచ్చే రేకు గొట్టాలు. తలుపు మూస్తే పట్టపగలు చీకటే. పోయినేడాది ఆకు వాసన గోడల్లో అట్టానే ఉండేది, లోపల మాట్లాడితే గొంతు గంభీరంగా మోగేది. నిరాశ రాక్షసుడి సందేహపు కోట సీను అక్కడ ప్రాక్టీసు చేస్తే భలే పండేది. పందిట్లో పెట్రోమాక్స్ లైట్ల కింద అంత బాగా ఎప్పుడూ రాలేదు. అసలు నాటకాన్నే బ్యారన్‌లో వేద్దామని మేనమామ ఒకసారి అన్నాడు. ముప్ఫైమంది పడితే గొప్ప, మిగతా పాలెం ఎక్కడ కూర్చోవాలని అయ్యగారు కొట్టిపారేశారు.

పిల్లలకు అపొల్లుయోనే హీరో. మాలో ఎవరిని అడిగినా చెడ్డవాడు అంటే ఆ పొగా, రెక్కలూనే. నాయనమ్మ మాత్రం నాటకం అయ్యాక ఒకసారి, "మీ పెదనాన్నను చూసి ఏందిరా భయపడేది? వాడు పేరు చెప్పి మరీ వచ్చాడు. లోకజ్ఞానిని చూసి భయపడండి" అంది. లోకజ్ఞాని వేషం మా బడి హెడ్మాస్టరుది. ఇస్త్రీ లాల్చీ, కండువా, చేతిలో కర్ర, నుదురు తుడుచుకోవడానికి మడత రుమాలు. బురదలోంచి లేచి ఒళ్ళంతా పూసుకుని వస్తున్న క్రైస్తవుణ్ణి ఆపి, ఎంత ఆప్యాయంగా పలకరించేవాడో! "ఇంత బరువెత్తుకుని యాడికి నాయనా? ఆ దారంతా ముళ్ళూ సింహాలూ అంట. పెళ్ళాం పిల్లలున్నోడివి. ఆ పక్కనున్న పల్లెలో పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, మూట దించడం ఆయనకు చిటికెలో పని. ఇల్లు అద్దెకు కూడా దొరుకుద్ది." ఆ మాటల్లో తప్పేముందో మాకు అర్థమయ్యేది కాదు. క్రైస్తవుడు ఆ దారి పట్టగానే మీద కూలేట్టు వంగిన కొండ, దాంట్లోంచి నిప్పులు. కొండంటే నల్ల రగ్గు కప్పిన మంచాలు. మంచాలు పడేటప్పుడు మాత్రం మాకు మహా సంబరం.

తర్వాత నెల్లూరులో చదువుకునే రోజుల్లో సి.ఎస్. లూయిస్ 1942లో పుస్తకంగా వేసిన స్క్రూటేప్ ఉత్తరాలు చదివాను. ఒక పెద్ద దయ్యం, ఉద్యోగంలో కొత్తగా చేరిన మేనల్లుడు దయ్యానికి రాసే 31 ఉత్తరాలు. ఘోర పాపాలు చేయించాల్సిన పనే లేదు, మనిషిని మలుపుల్లేని, మైలురాళ్ళు లేని వాలు దారిలో మెల్లగా దించితే సరిపోతుందని మామ నేర్పుతాడు. చదువుతున్నంతసేపూ ఆ గొంతు నాకు మా హెడ్మాస్టరుదిగానే వినిపించింది. మంచీ చెడుల యుద్ధం మీద వచ్చే ఈ తరహా కథల్లో నాకు నచ్చేవన్నీ ఇట్టాంటివే. చెడు అందులో చక్కగా, తీరుబడిగా మాట్లాడుతుంది. ఈ మధ్య మా వైపు కొన్ని ప్రార్థన కూటాల్లో మైకు పట్టుకుని దయ్యాలను రెండేసి గంటలు తిట్టడం చూస్తే పెదనాన్న సాంబ్రాణి మూకుడే గుర్తొస్తుంది. ఆయనైతే ఇరవై నిమిషాల్లో ముగించేవాడు.

సంత సీను గురించి ఒక్క మాట. మాయ సంతలో ఇళ్ళు, పొలాలు, పదవులు, బిరుదులు, రాజ్యాలు, సుఖాలు అన్నీ అమ్ముతారు. కుర్రాళ్ళు ఒకసారి దాంట్లో "ప్రెసిడెంటు సీటు, ప్రెసిడెంటు సీటు, చవక చవక!" అని చేర్చారు. పంచాయతీ ప్రెసిడెంటుగారు ముందు వరస కుర్చీలో ఉన్నారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు. కానీ ఆ సంతలోనే నమ్మకస్థుడికి విచారణ జరిపి, సాక్ష్యాలు చెప్పించి, మంటల్లో కాల్చి చంపుతారు. ఏమీ కొనలేదన్నదే నేరం. నవ్వులయ్యాక ఆ సీను వచ్చేసరికి ఆడవాళ్ళు కొంగు నోట్లో పెట్టుకునేవాళ్ళు.

చీకటి లోయ సీనులో నాటకానికి పనికిరాని సంగతి ఒకటుంది. అయ్యగారు దాన్ని తీసేశారు గానీ నాయనమ్మ కథలో మాత్రం వదిలేది కాదు. సన్నటి దారి, ఒక పక్క గుంట, ఒక పక్క ఊబి, కటిక చీకటి. క్రైస్తవుడు తడుముకుంటూ నడుస్తుంటే ఒకడు మెల్లగా వెనక నుంచి వచ్చి దేవుణ్ణి దూషించే మాటలు చెవిలో గుసగుసగా ఊదుతాడు. క్రైస్తవుడు ఆ మాటలు తన మనసులోంచే పుట్టాయనుకుంటాడు. ఇంతకుముందు పడిన ఏ దెబ్బకూ ఏడవనంతగా దానికి ఏడుస్తాడు, నేను ప్రేమించినవాణ్ణి నేనే ఇట్టా తిడుతున్నానే అని. చెవులు మూసుకోవాలని గానీ, ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో చూడాలని గానీ తోచదు. కాసేపటికి ముందెక్కడో ఇంకొక మనిషి గొంతు వినిపిస్తుంది, "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అని చదువుకుంటూ పోతోంది. తనలాంటోడు ఇంకొకడు ఈ చీకట్లో ముందు పోతున్నాడని క్రైస్తవుడికి ధైర్యం వస్తుంది. చిన్నప్పుడు ఈ ముక్క వచ్చేసరికి నేను నిద్రపోయేవాణ్ణి.

2015లో పొగాకు ధరలు పడిపోయిన సంగతి మా జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. వేలానికి తీసుకెళ్ళిన బేళ్ళు నోబిడ్, అంటే పాడేవాళ్ళు లేరు, అని వెనక్కి వచ్చేవి. ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్న వార్తలు వరసగా వచ్చాయి. మా బాబాయి కౌలుకు తీసుకుని వేశాడు. కౌలు, బ్యారన్ అద్దె, కట్టెలు, కూలీలు అన్నీ అప్పే. నేనప్పుడు నెల్లూరులో ఉద్యోగం. పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి వారం నుంచి సరిగ్గా తినట్లా, పలకట్లా. రాత్రిళ్ళు బ్యారన్ కాడికి పోయి కూర్చుంటున్నాడు. నువ్వోసారి రా అబ్బాయ్" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది.

నేను వెళ్ళేసరికి పెదనాన్న అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇంట్లో, పాకలో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ గోనెసంచిలో వేసుకుని సైకిలు మీద పెట్టుకుని తన ఇంటికి పట్టుకుపోయాడు. ఎవరితోనూ ఏమీ అనలేదు. నాయనమ్మకు అప్పటికి ఎనభై దాటాయి, చూపు మందగించింది. నా చెయ్యి పట్టుకుని బ్యారన్ దాకా నడిచింది. బాబాయి బయట కట్టెల మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ప్రార్థన చేద్దాం రా అంటుందేమో అనుకున్నా. అనలేదు. పక్కన కూర్చుని, నాటకం పాత్ర చెప్పినట్టు కథ మొదలుపెట్టింది.

క్రైస్తవుడికి అప్పటికి నిరీక్షణ అనే తోడు దొరికాడు. రాళ్ళదారిలో కాళ్ళు పుళ్ళు పడి, కంచె అవతల మెత్తటి గడ్డి దారి కనిపిస్తే దాంట్లోకి దిగారు. వాన, వరద, చీకటి. పొద్దున్నే నిరాశ రాక్షసుడు పట్టుకుపోయి కోటలో పడేశాడు. బుధవారం పొద్దుటి నుంచి శనివారం రాత్రి దాకా తిండీ నీళ్ళూ వెలుతురూ లేవు. రాక్షసుడు తనంతట ఏదీ ఆలోచించడు. రాత్రిపూట పెళ్ళాంతో మాట్లాడతాడు, ఆమె చెప్పింది మర్నాడు చేస్తాడు. మొదటి రోజు కర్రతో కొట్టాడు. రెండో రోజు వచ్చి మంచి మాటలాడుతున్నట్టు, మీరిక్కణ్ణుంచి ఎప్పటికీ బయటపడరు, ఇంత కష్టపడి బతకడం దేనికి, మీ ప్రాణాలు మీరే తీసుకోండి అని సలహా చెప్పాడు. క్రైస్తవుడు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. ఏం చేద్దాం తమ్ముడూ, ఈ బతుకు కంటే అదే మేలేమో అన్నాడు.

నాయనమ్మ అక్కడ ఆగింది. "ఆ మాట చెప్పింది రాక్షసుడురా నాయనా. క్రైస్తవుడు తన మాటే అనుకున్నాడు. లోయలో గుసగుసలప్పుడు కూడా అంతే అనుకున్నాడు. నీ తలకాయలో ఇప్పుడు తిరిగే మాట నీది కాదు."

బాబాయి చాలాసేపు పలకలేదు. తర్వాత ఆయన అడిగింది నేను ఊహించనిది. "రెండోవాడు ఏమన్నాడు?"

"ఇంకొన్నాళ్ళు ఓర్చుకుందాం అన్నాడు. ఈ రాక్షసుడికి ఎండ కాస్తే మూర్ఛ వచ్చుద్ది, చేతులు పడిపోతాయి, ఇందాక చూశావు కదా అన్నాడు. ఏ రోజైనా తాళం వెయ్యడం మర్చిపోవచ్చు, ఎవుడికి తెలుసు అన్నాడు. పెద్ద మాటలేం చెప్పలా."

మిగతా కథ బాబాయికీ తెలుసు. చిన్నప్పుడు నాటకంలో నిరీక్షణ వేషం ఒక ఏడాది ఆయనే వేశాడు. శనివారం అర్ధరాత్రి నుంచి తెల్లవారబోయేదాకా ఇద్దరూ ప్రార్థన చేస్తారు. అప్పుడు క్రైస్తవుడికి తట్టుతుంది, తన రొమ్ము దగ్గర వాగ్దానం అనే తాళంచెవి ఉందని. "జేబులోనే ఉంటే నాలుగు రోజులు ఎందుకు గుర్తురాలేదమ్మా?" అన్నాడు బాబాయి. నాటకాల్లో మేమంతా ఆ చోట నవ్వేవాళ్ళం. నాయనమ్మ "రాలా. కొట్లో పడేసినోడికి గుర్తురాదు" అంది. ఇంకా, లోపలి తలుపులు సులువుగా వచ్చాయనీ, బయటి ఇనప గేటు తాళం మాత్రం మహా బిర్రుగా తిరిగిందనీ చెప్పింది. అది పుస్తకంలో ఉన్నదే.

మా ఇనప గేటు కూడా బిర్రుగానే తిరిగింది. అన్నదమ్ములు ముగ్గురూ కూర్చుని అప్పుల లెక్క రాశారు. పిన్ని గాజులు పోయాయి. బాబాయిని నెల్లూరు తీసుకొచ్చి డాక్టరుకు చూపించాం. నిద్రకూ దిగులుకూ మందులు ఇచ్చారు, కొన్ని నెలలు వాడాడు. మందులు వేసుకోవడం విశ్వాసం తక్కువై కాదా అని చుట్టాల్లో ఒకాయన సణిగితే, నాయనమ్మ "బురద గుంటలో పడ్డోడికి చెయ్యిచ్చి లాగినోడి పేరు సాయం. దేవుడు పంపినోడే. నువ్వు నోరు మూసుకో" అంది. ఆ మరుసటేడు బాబాయి పొగాకు మానేసి శనగ వేశాడు. బ్యారన్ వైపు మాత్రం చాన్నాళ్ళు పోలేదు.

నాటకం అప్పటికే ఆగిపోయింది. అయ్యగారు రిటైరయ్యారు, కుర్రాళ్ళు హైదరాబాదు, బెంగళూరు వెళ్ళారు, క్రిస్మస్ రాత్రికి ఎల్ఈడీ తెర, డ్యాన్సులు వచ్చాయి. డ్యాన్సుల మీద నాకేం కోపం లేదు, మా అమ్మాయి కూడా వేస్తుంది. పోయిన డిసెంబరులో సంఘం కుర్రాళ్ళు కొందరు మళ్ళీ వేద్దాం, స్క్రిప్టు ఉందా అన్నారు. అయ్యగారి నోటుపుస్తకం మా ఇంట్లోనే ఉంది. చెదలు కొట్టగా మిగిలిన పేజీలు నేను ఫోన్లో టైపు చేస్తున్నా, పక్కన కూర్చుని మా అమ్మాయి చదువుతోంది.

చివరి పేజీ దగ్గర పేచీ వచ్చింది. కథలో అజ్ఞాని అని ఒక కుర్రాడున్నాడు. కొసదాకా నడిచొస్తాడు. నదిని కూడా వట్టి ఆశ అనే పడవవాడి సాయంతో సులువుగా దాటుతాడు. పరమ పట్టణం గుమ్మం దగ్గర పత్రం చూపించమంటే ఉండదు. కాళ్ళూ చేతులూ కట్టి కొండ పక్కనున్న తలుపులోంచి నరకానికి పంపేస్తారు. పరలోకపు గుమ్మం దగ్గర నుంచి కూడా నరకానికి దారి ఉందని చూశాను అంటాడు బన్యన్. అయ్యగారు ఆ సీను తప్పకుండా ఉండాలనేవారు. నాయనమ్మ ఎప్పుడూ ఒప్పుకునేది కాదు, అంత దూరం నడిచొచ్చినోడిని అట్టా తోసేస్తే చూసే పిల్లలకు ఏం చెప్పాలి అనేది. ఆమె పోయాక కూడా ఆ పేజీ మీద ఆమె చేత్తో గీసిన నీలం గీత ఉంది, దాని పక్కన అయ్యగారి ఎర్ర సిరా టిక్కూ ఉంది. మా అమ్మాయి నాయనమ్మ వైపు. నేను ఇంతకాలం అయ్యగారి వైపే, సగం కథ వేసి కథ వేశామనకూడదు అని. కుర్రాళ్ళకు పంపిన ఫైల్లో ఆ సీను ఉంచాను, వేసేదీ లేనిదీ వాళ్ళిష్టం. అపొల్లుయోనుకు ముగ్గురు పేర్లిచ్చారట. లోకజ్ఞానికి ఇంకా ఎవరూ ముందుకు రాలేదు, ఆ మాటలన్నీ బట్టీ పట్టాలి కదా. మేనమామ తాను వేస్తానంటున్నాడు. ఆయనకిప్పుడు ఇస్త్రీ లాల్చీలు చాలానే ఉన్నాయి.